జి.ఎం.సి. బాలయోగి

గంటి మోహనచంద్ర బాలయోగి (1951 అక్టోబరు 1 – 2002 మార్చి 3) తెలుగుదేశం పార్టీ నాయకుడు, పన్నెండు, పదమూడో లోక్‌సభల స్పీకరు. కాకినాడ కోర్టులో న్యాయవాదిగా జీవితం ప్రారంభించి తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షుడిగా, అమలాపురం లోక్‌సభ సభ్యుడిగా, ముమ్మిడివరం శాసనసభ్యుడిగా, రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రిగా పనిచేశారు. స్పీకరు పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. పదవిలో ఉండగానే కొల్లేటి ప్రాంతంలో, కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక దగ్గర హెలికాప్టర్ కూలి మరణించారు.

న్యాయశాస్త్రం చదివి చట్టసభలకు వెళ్ళిన తెలుగువారు చాలామందే ఉన్నారు. వాళ్ళలో బాలయోగి కథ కాస్త వేరు. మేజిస్ట్రేటు ఉద్యోగం వస్తే దాన్ని వదులుకుని మళ్ళీ నల్లకోటు వేసుకున్న ఈ మనిషిని, పదమూడేళ్ళ తర్వాత రాజకీయం దేశంలోనే అతి కష్టమైన తీర్పరి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీలో ఆయన తీసుకున్న ఒక నిర్ణయం ఇప్పటికీ చర్చల్లో నలుగుతూనే ఉంది.

బాల్యం, చదువు

బాలయోగి పుట్టిన ఊరు ఎదుర్లంక. గౌతమీ గోదావరి ఒడ్డున, ఇప్పటి ఐ.పోలవరం మండలంలో ఉంది. ఏటికి అవతల యానాం. ఆయన పుట్టేనాటికి అక్కడ ఇంకా ఫ్రెంచివారి పాలనే నడుస్తోంది. 1954లో గాని యానాం భారతదేశం చేతికి రాలేదు. కొబ్బరితోటలు, వరిచేలు, రేవుదాటింపులే ఆ ఊళ్ళ బతుకు. తండ్రి గన్నియ్య, తల్లి సత్యమ్మ. వారిది వ్యవసాయ కుటుంబం. పైచదువులకు ఆయన కాకినాడ వెళ్ళారు. ఆ తర్వాత విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర పట్టా పొందారు, లా కూడా చదివారు. 1982లో విజయకుమారితో వివాహమైంది. వారికి ముగ్గురు కూతుళ్ళు, ఒక కొడుకు.

న్యాయవాద వృత్తి

1980లో కాకినాడలో గోపాలస్వామి శెట్టి దగ్గర జూనియర్‌గా చేరి ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1985లో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు. లంక గ్రామం నుంచి వచ్చిన తొలితరం చదువరికి, అందులోనూ దళిత కుటుంబంలో పుట్టినవాడికి, ఆ రోజుల్లో అది చిన్న ఉద్యోగం కాదు. జీతం, హోదా, భద్రత మూడూ ఉన్న కొలువు. కొద్దికాలానికే ఆయన దాన్ని విడిచిపెట్టి తిరిగి వకాల్తాల వైపు వచ్చేశారు. మరుసటి ఏడాదే, 1986లో, కాకినాడ కోఆపరేటివ్ టౌన్ బ్యాంకు ఉపాధ్యక్షుడయ్యారు. ఆయన ప్రజాజీవితానికి తొలిమెట్టు అదే.

మేజిస్ట్రేటుగా కొనసాగి ఉంటే రాజకీయాల గుమ్మం తొక్కడానికి వీలుండేది కాదు. న్యాయవాదికి ఆ అడ్డు లేదు. ఉదయం కోర్టుకు, సాయంత్రం సభకు వెళ్ళే వెసులుబాటు అతనికి ఉంది. కక్షిదారులతో పరిచయాలు పల్లెపల్లెకూ పాకుతాయి. స్వాతంత్ర్యోద్యమ కాలం నుంచి గోదావరి, కృష్ణా జిల్లాల రాజకీయాలను ప్లీడర్లు నడిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

ముందు నడిచినవారు

ఈ దారి బాలయోగికి చాలా ముందే పడింది. ఏలూరు న్యాయవాది దివాన్ బహదూర్ మోచర్ల రామచంద్రరావు ముందు మద్రాసు శాసనమండలిలో, ఆ తర్వాత ఢిల్లీలోని కేంద్ర శాసనసభలో సభ్యుడిగా ఉన్నారు. భారత సైన్యంలో అధికారుల పదవులను భారతీయులకు ఎలా ఇవ్వాలో పరిశీలించిన స్కీన్ కమిటీలో మోతీలాల్ నెహ్రూ, జిన్నాలతో పాటు ఆయనా సభ్యుడే. సంస్థానాల ప్రజల అఖిలభారత మహాసభ 1927లో బొంబాయిలో తొలిసారి సమావేశమైనప్పుడు అధ్యక్షత వహించిందీ ఆయనే. రాష్ట్రం నుంచి కేంద్రానికి వెళ్ళిన ఏలూరు వకీలుగా ఆయనకు దక్కవలసినంత గుర్తింపు ఈనాటికీ దక్కలేదు.

స్పీకరు పీఠం వరకూ చూస్తే, ఆంధ్ర ప్రాంతం నుంచి బాలయోగికి ముందు ఇద్దరున్నారు. తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు వృత్తిరీత్యా న్యాయవాది. నీలం సంజీవరెడ్డి ఆ పదవిని రెండుసార్లు చేపట్టారు. తొలి స్పీకరు మావలంకర్ కూడా అహమ్మదాబాదులో న్యాయవాదే, అంతకుముందు బొంబాయి శాసనసభకు స్పీకరే. బాలయోగికి అటువంటి తర్ఫీదు లేదు. ఏ శాసనసభలోనూ అధ్యక్ష స్థానంలో కూర్చోకుండానే ఆయన నేరుగా లోక్‌సభ స్పీకరయ్యారు.

జిల్లా పరిషత్తు నుంచి లోక్‌సభకు

ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో పాత సమితులను రద్దుచేసి మండల వ్యవస్థను తెచ్చింది. జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకునే పద్ధతి పెట్టింది. 1987 ఎన్నికల్లో బాలయోగి తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్తు అధ్యక్షుడిగా గెలిచారు. మన్యం నుంచి సముద్రతీరం దాకా జిల్లా అంతా ఓటు వేసిన ఎన్నిక అది. ఒక శాసనసభ్యుడికి గాని, ఎంపీకి గాని ఉండే ఓటర్ల సంఖ్య కన్నా చాలా ఎక్కువ. పార్టీలో ఆయన పేరు ఎన్.టి.ఆర్. దృష్టిలో పడింది ఇక్కడే అనుకోవచ్చు.

1991లో షెడ్యూల్డు కులాలకు కేటాయించిన అమలాపురం స్థానం నుంచి పదో లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1996లో అదే స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి కె.ఎస్.ఆర్. మూర్తి చేతిలో ఓడిపోయారు. ఓడినవారు ఐదేళ్ళపాటు తెరమరుగు కావడం మామూలే. బాలయోగికి అలా జరగలేదు. అదే ఏడాది ముమ్మిడివరం ఉపఎన్నికలో గెలిచి శాసనసభలో అడుగుపెట్టారు. చంద్రబాబునాయుడు మంత్రివర్గంలో ఉన్నత విద్యాశాఖ ఆయనకు దక్కింది. ఆ శాఖలో రెండేళ్ళయినా ఉండకముందే 1998 మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. అమలాపురం నుంచి మళ్ళీ లోక్‌సభకు వెళ్ళారు.

గోదావరి జిల్లాల నుంచి ఆ తరంలో శాసనసభ, పార్లమెంటు రెండూ చూసిన తెలుగుదేశం నాయకులు ఇంకా ఉన్నారు. తాడేపల్లిగూడెం శాసనసభ్యుడిగా ఉండి తర్వాత రాజ్యసభకు వెళ్ళిన యర్రా నారాయణస్వామి ఒకరు. కానీ హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళిన వారాల్లోనే సభ మొత్తానికీ పెద్ద అయినవారు వేరొకరు లేరు.

స్పీకరు పదవి

1998 ఎన్నికల్లో ఏ కూటమికీ పూర్తి మెజారిటీ రాలేదు. తెలుగుదేశానికి 12 మంది సభ్యులున్నారు. అంతదాకా యునైటెడ్ ఫ్రంట్‌కు కన్వీనర్‌గా ఉన్న చంద్రబాబునాయుడు, వాజ్‌పేయి ప్రభుత్వానికి బయటినుంచి మద్దతు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మంత్రిపదవులు వద్దన్న పార్టీకి స్పీకరు పదవి వచ్చింది. మార్చి 24న జరిగిన ఎన్నికలో ప్రతిపక్షం మాజీ స్పీకరు పి.ఎ. సంగ్మా పేరును ప్రతిపాదించింది. మూజువాణి ఓటుతో బాలయోగి ఎన్నికయ్యారు. అప్పటికి ఆయన వయసు 46. అంత చిన్న వయసులో ఆ పీఠమెక్కినవారు అంతకుముందు లేరు. సంగ్మా కూడా 48 ఏళ్ళకు ఎక్కినవారే.

సంకీర్ణాల కాలంలో స్పీకరు పదవికి విలువ ఎందుకు పెరిగిందో చెప్పుకోవాలి. పార్టీ ఫిరాయింపుల చట్టం కింద ఎవరి సభ్యత్వం ఉంటుందో, ఎవరిది పోతుందో తేల్చేది స్పీకరే. ఓటింగులో ఇరుపక్షాలూ సమానమైతే నిర్ణాయక ఓటు వేసేదీ ఆయనే. ఇద్దరు ముగ్గురు సభ్యులతో ప్రభుత్వాలు నిలబడి పడిపోయే రోజుల్లో మిత్రపక్షానికి ఆ కుర్చీ నాలుగు మంత్రిపదవుల పెట్టు. అనుభవం చాలని మనిషిని కూర్చోబెట్టారని అప్పట్లో విమర్శలు వచ్చాయి. బాలయోగి మెత్తగా, తొణక్కుండా మాట్లాడే మనిషి. ఆ మెతకదనాన్నే కొందరు బలహీనత అన్నారు, మరికొందరు నిగ్రహం అన్నారు. సభ అదుపు తప్పిన రోజులను లెక్కపెడితే మొదటివారి మాటలోనూ కొంత నిజముంది.

1999 ఏప్రిల్ 17

ఏప్రిల్ రెండో వారంలో జయలలిత నాయకత్వంలోని అన్నా డీఎంకే వాజ్‌పేయి ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుంది. రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ సభలో బలం నిరూపించుకోమన్నారు. 17న విశ్వాస తీర్మానంపై ఓటింగు.

ఆ రోజు వివాదమంతా ఒరిస్సాలోని కోరాపుట్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ చుట్టూ తిరిగింది. ఆయన ఫిబ్రవరిలోనే ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యారు. లోక్‌సభ సభ్యత్వానికి మాత్రం రాజీనామా చేయలేదు. ముఖ్యమంత్రి ఇక్కడికొచ్చి ఓటెలా వేస్తారని అధికారపక్షం అభ్యంతరం చెప్పింది. చట్టం మాట వేరు. పార్లమెంటులోనూ రాష్ట్ర శాసనసభలోనూ ఒకేసారి సభ్యుడిగా ఉండటాన్ని రాజ్యాంగం 101వ అధికరణం నిషేధిస్తుంది. గమాంగ్ ఒరిస్సా శాసనసభలో సభ్యుడు కాదు. శాసనసభ్యుడు కాకుండా ఆరు నెలలపాటు మంత్రిగానో ముఖ్యమంత్రిగానో ఉండటానికి 164వ అధికరణం వీలిస్తుంది. అంటే ఆయన లోక్‌సభ సభ్యత్వం చెక్కుచెదరలేదు. తేలవలసింది ఔచిత్యం ఒక్కటే.

బాలయోగి ఆ ఔచిత్యాన్ని గమాంగ్ విజ్ఞతకే వదిలేశారు. గమాంగ్ ఓటు వేశారు. తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ప్రభుత్వం పడిపోయింది.

నిర్ణయాన్ని దాటేశారని అప్పుడూ ఇప్పుడూ అనేవాళ్ళున్నారు. న్యాయవాది కళ్ళతో చూస్తే అది దాటవేత కాదు. సభ్యత్వం ఉన్నవాడి ఓటు హక్కును లాక్కోవడానికి స్పీకరుకు ఏ నిబంధనా అధికారమివ్వదు. ఇవ్వని అధికారాన్ని ఆయన వాడలేదు, అంతే. ఇంకో లెక్క కూడా ఉంది. దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. గమాంగ్ ఓటు వేయకపోయి ఉంటే 269, 269. సమానం. అప్పుడు రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం నిర్ణాయక ఓటు స్పీకరుదే. బాలయోగి పార్టీ ఆ రోజు ప్రభుత్వం పక్షాన ఓటేసింది. గమాంగ్‌ను ఆపితే తన ఓటే దేశానికి దిక్కయ్యే పరిస్థితి వచ్చి ఉండేది. ఓటింగుకు ముందు ఆ అంకెలు ఎవరికీ తెలియవు కాబట్టి ఇది ఆయన త్యాగమనడానికి లేదు. కానీ సొంత పార్టీకి మేలుచేసే వ్యాఖ్యానం చేతికందేంత దగ్గరలో ఉన్నా ఆయన దాని జోలికి పోలేదన్నది మాత్రం వాస్తవం.

ఏప్రిల్ 26న లోక్‌సభ రద్దయింది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరిగిన ఎన్నికల్లో తెలుగుదేశం 29 స్థానాలు గెలిచింది. బాలయోగి అమలాపురం నుంచి తిరిగి ఎన్నికయ్యారు. అక్టోబరు 22న ఆయన్ను రెండోసారి స్పీకరుగా ఎన్నుకున్నప్పుడు పోటీ లేదు. ఆరు నెలల కిందట ఆయన నిర్ణయంతో దెబ్బతిన్న అధికారపక్షం, లాభపడిన ప్రతిపక్షం రెండూ కలిసి ఆయననే కోరుకున్నాయి.

సభా మర్యాదలు

ఆయన హయాంలో సభ ఎంత అల్లరిగా ఉండేదో చెప్పడానికి 1998 జూలై ఉదంతం చాలు. చట్టసభల్లో మహిళలకు రిజర్వేషన్ల బిల్లును న్యాయశాఖ మంత్రి తంబిదురై ప్రవేశపెట్టబోతే ఆర్జేడీ సభ్యుడొకరు ప్రతులు లాక్కుని చించేశారు. అలాంటి సభకు నియమాలు బిగించే పని బాలయోగి ఓపిగ్గా సాగించారు. 2000 మే 16న లోక్‌సభలో మొదటిసారి ఎథిక్స్ కమిటీని ఏర్పాటుచేశారు. మాజీ ప్రధాని చంద్రశేఖర్ దానికి అధ్యక్షుడు. 2001 నవంబరు 25న ఢిల్లీలో చట్టసభల అధ్యక్షులు, ముఖ్యమంత్రులు, పార్టీల నాయకులు, విప్‌లతో క్రమశిక్షణ, మర్యాదలపై అఖిలభారత సమావేశం జరిగింది. పార్లమెంటు ఏడాదికి కనీసం 110 రోజులు, పెద్ద రాష్ట్రాల శాసనసభలు 90 రోజులు, చిన్నవి 50 రోజులు సమావేశం కావాలని అక్కడ తీర్మానించారు. ఆ అంకెలు కాగితం మీదే ఉండిపోయాయి.

కాగితం దాటి పనిచేసింది 374ఎ నిబంధన. అది 2001 డిసెంబరు 5న లోక్‌సభ నియమావళిలో చేరింది. అంతకుముందు సభ్యుణ్ణి సస్పెండ్ చేయాలంటే సభ తీర్మానం చేయాలి. కొత్త నిబంధన ప్రకారం వెల్‌లోకి దూసుకొచ్చి పదేపదే అడ్డుపడే సభ్యుడి పేరును స్పీకరు ప్రస్తావిస్తే చాలు. వరుసగా ఐదు సభాదినాలకో, మిగిలిన సమావేశాల కాలానికో, రెంటిలో ఏది తక్కువైతే దానికి సస్పెన్షన్ దానంతటదే అమల్లోకి వస్తుంది. తెలుగు స్పీకరు కాలంలో వచ్చిన ఈ నిబంధన దెబ్బ తర్వాత తెలుగు సభ్యుల మీదా పడింది. రాష్ట్ర విభజన బిల్లు నాడు, 2014 ఫిబ్రవరి 13న, పెప్పర్ స్ప్రే గొడవ తర్వాత స్పీకరు మీరాకుమార్ సీమాంధ్ర సభ్యులను పలువురిని దీనికిందే సస్పెండ్ చేశారు. 2019 జనవరిలో సుమిత్రా మహాజన్ సస్పెండ్ చేసినవారిలో అన్నా డీఎంకేతో పాటు బాలయోగి సొంత పార్టీ సభ్యులూ ఉన్నారు.

374ఎ వచ్చిన ఎనిమిది రోజులకే, డిసెంబరు 13న, పార్లమెంటు ఆవరణపై సాయుధుల దాడి జరిగింది. అప్పటికి ఉభయసభలూ వాయిదాపడి ఉన్నాయి. భద్రతా సిబ్బంది, ఒక తోటమాలి ప్రాణాలు కోల్పోయారు. దాడికి వచ్చిన ఐదుగురూ హతమయ్యారు.

నియోజకవర్గం

స్పీకరు స్థానంలో ఉన్నవారు నియోజకవర్గానికి దూరమవుతారన్న మాట కోనసీమలో వినబడదు. అక్కడ బాలయోగిని గుర్తుచేసేవి ముఖ్యంగా రెండు. ఎదుర్లంక, యానాం మధ్య గౌతమిపై కట్టిన వంతెన ఒకటి. దానికి ఆయన పేరే పెట్టారు. అంతకుముందు అవతలి ఒడ్డుకు పోవాలంటే రేవే దిక్కు. రెండోది కోటిపల్లి, నరసాపురం రైలుమార్గం. కాకినాడ, కోటిపల్లి మధ్య ఉన్న పాత రైలుమార్గాన్ని రెండో ప్రపంచయుద్ధ కాలంలో పీకేశారు. దాన్ని పునరుద్ధరించి, గోదావరి పాయలు దాటించి నరసాపురం దాకా పొడిగించడం కోనసీమ చిరకాల కోరిక. ఆయన స్పీకరుగా ఉన్నప్పుడే, 2000–01 రైల్వే బడ్జెట్‌లో, కోటిపల్లి, నరసాపురం మార్గం మంజూరైంది. కాకినాడ, కోటిపల్లి భాగంలో 2004లో రైలు నడిచింది. మిగిలింది ప్రతి ఎన్నికలోనూ హామీగా తిరిగి వస్తూనే ఉంది.

మరణం

2002 మార్చి 3 ఉదయం భీమవరం నుంచి బయల్దేరిన ప్రైవేటు హెలికాప్టర్ కైకలూరు సమీపంలో కొవ్వాడలంక దగ్గర చేపల చెరువులో కూలింది. బాలయోగితో పాటు పైలట్, భద్రతాధికారి చనిపోయారు. ఆయనకు యాభై ఏళ్ళు. మావలంకర్ తర్వాత పదవిలో ఉండగా మరణించిన రెండో స్పీకరు ఆయన. అంతకు ఐదు నెలల ముందే, 2001 సెప్టెంబరులో, అదే లోక్‌సభ సభ్యుడు మాధవరావ్ సింధియా విమాన ప్రమాదంలో పోయారు.

ప్రమాదం జరిగిన చోటు గురించి కొంత చెప్పాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు దానిలో కలుస్తాయి. నిండిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. సరస్సు లోపలా అంచుల్లోనూ ఉన్న లంక గ్రామాలవారు ఒకప్పుడు వేసవిలో వరి, వర్షాకాలంలో చేపలు నమ్ముకుని బతికేవారు. 1970ల్లో మత్స్యకారుల సహకార సంఘాలకు ప్రభుత్వమే చెరువులు తవ్వించి ఇచ్చింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో పెట్టుబడిదారులు దిగారు. సరస్సు గర్భం గట్లుగట్లుగా ముక్కలైంది. కైకలూరు, ఆకివీడు చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతా దాకా వెళ్ళే వ్యాపారం పెరిగింది. 1999 అక్టోబరులో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించినా చెరువులు కదల్లేదు. 2002 మార్చిలో పైనుంచి చూసినవారికి అక్కడ కనిపించేది చాలావరకు నీరే, మధ్యలో సన్నటి గట్లు. అత్యవసరంగా దిగాలంటే మెట్టనేల వెతుక్కోవలసిన చోటు. ఆ ఏడాది ఆగస్టులో కొల్లేరు చిత్తడినేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాకెక్కింది. అక్రమ చెరువుల గట్లను ప్రభుత్వం పేల్చి కొట్టేసింది 2006లో.

అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ప్రాంతం 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఏలూరు జిల్లాలో కలిసింది. అదే విభజనలో అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది.

అనంతరం

స్పీకరు పీఠంలో బాలయోగి స్థానానికి 2002 మేలో శివసేన నాయకుడు మనోహర్ జోషి వచ్చారు. పార్లమెంటు గ్రంథాలయ భవనం అదే నెలలో ప్రారంభమైంది. దానిలోని సభామందిరానికి బాలయోగి పేరు పెట్టారు. హైదరాబాదు గచ్చిబౌలిలోని అథ్లెటిక్ స్టేడియానిదీ ఆయన పేరే.

అమలాపురం స్థానానికి 2002లో జరిగిన ఉపఎన్నికలో ఆయన భార్య విజయకుమారి తెలుగుదేశం తరఫున గెలిచారు. 2004లో ఆ స్థానం కాంగ్రెస్‌కు వెళ్ళింది. కుమారుడు గంటి హరీష్ మాధుర్ 2019లో అక్కడే పోటీచేసి ఓడిపోయి, 2024లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.